మంగంపేట నుంచి మద్రాసు: రెండు రోజుల ట్రిప్పులో చూసేవి, తినేవి, కొనేవి

గండికోట ఎపిసోడ్ పెట్టినప్పటి నుంచి మీరు ఒకటే అడుగుతున్నారు. కొండలు, కోటలు మన దగ్గర కావాల్సినన్ని ఉన్నాయి, సముద్రం చూపించు తమ్ముడూ అని. రెండు రోజుల్లో పోయి రావాలి, పిల్లలూ పెద్దోళ్ళూ ఉంటారు, కాస్త చూడాలి, కాస్త తినాలి, కాస్త బట్టలు కొనుక్కోవాలి. సరే, ఈరోజు అదే. మంగంపేట నుంచి చెన్నై. మా ఊళ్ళో పెద్దోళ్ళకి అది ఇప్పటికీ మద్రాసే కాబట్టి నేను రెండు పేర్లూ కలిపి వాడేస్తా, ఏమనుకోవద్దు.

ఈసారి నేను ఒక్కడినే కెమెరా పట్టుకొని పోలేదు. నాయననూ అమ్మనూ తీసుకుపోయినా. కారణం ఉంది. మా నాయన పద్దెనిమిదేళ్ళు ముగ్గురాయి లారీ తోలినాడు. మంగంపేటలో లోడెత్తుకొని కోడూరు, రేణిగుంట, పుత్తూరు మీదుగా పోయి, మద్రాసు హార్బరు పక్క యార్డులో దించి వచ్చేవాడు. ఎన్ని ట్రిప్పులు కొట్టుంటావ్ నాయనా అంటే "లెక్క యాడ పెట్టినా" అంటాడు. నా బీటెక్ ఫీజులు కట్టింది ఆ ట్రిప్పులే. మొన్నొకరోజు అన్నం తింటా మాటల్లో అడిగినా, మద్రాసులో సముద్రం ఎట్లుంటుంది అని. "ఏమో రా. నేను చూసింది గోడ. గోడకవతల సముద్రం అన్నారు" అన్నాడు. అన్లోడ్ అయ్యేదాకా బండి దగ్గరే నిద్ర, అయినాక మళ్ళా రోడ్డు. పద్దెనిమిదేళ్ళు సముద్రం దాకా పోయి, సముద్రం చూడకుండా తిరిగొచ్చినాడు. మన వైపు లారీ క్యాబిన్లలో ఇట్లాంటోళ్ళు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఆ రాత్రే టికెట్లు బుక్ చేసినా.

ముందు ఒక డౌటు క్లియర్ చేస్తా. చెన్నైనే ఎందుకు, వైజాగ్ పోవచ్చు కదా అంటారు. మ్యాప్ చూడండి. వైజాగ్ మనకు ఒక రాత్రంతా రైలు, ఇంకా పైన. నెల్లూరు దగ్గరే గానీ మధ్యలో వెలిగొండలు అడ్డం. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా కొండను తొలిచి కొత్త లైను వేసినారు. చెర్లోపల్లి, రాపూరు మధ్య ఆరున్నర కిలోమీటర్లు దాటిన సొరంగం ఉంది, 2019లో ప్రారంభించినారు. కానీ ఆ లైను మీద తిరిగేది ఎక్కువగా గూడ్సు బళ్ళే, కృష్ణపట్నం పోర్టుకు. చెన్నైకైతే ఇంటి ముందు నుంచే పట్టాలు. బొంబాయి నుంచి మద్రాసు లైను మొత్తం కలిసింది 1871లో. అంటే నూట యాభై ఏళ్ళుగా మన కోడూరు, ఓబులవారిపల్లె మద్రాసుకు పోయే దారిలోనే ఉన్నాయి. దూరం రెండొందల కిలోమీటర్ల లోపే. ఇంకో మాట, 1953 అక్టోబర్ 1 దాకా మన రాజధాని కూడా అదే. మా జేజి నాయన కోర్టు కాయితం కోసం మద్రాసు పోయొచ్చినాడని ఇంట్లో చెప్పుకుంటారు.

రైల్లో పోతే సెంట్రల్‌లో దిగుతారు. ఇక్కడే కొత్తోళ్ళు చేసే మొదటి తప్పు, స్టేషన్ బయట ఆటో ఎక్కడం. ఎక్కొద్దు. సెంట్రల్ ఎదురుగా సబ్‌వేలో రోడ్డు దాటితే పార్క్ స్టేషన్ అని లోకల్ రైలు స్టేషన్ ఉంది. అక్కడి నుంచి ఎగ్మోరు, నుంగంబాక్కం, కోడంబాక్కం, మాంబళం ఇట్లా వరసగా వస్తాయి. టీ నగర్ పోవాలంటే మాంబళంలో దిగాలి. టికెట్ అయిదు రూపాయల నుంచి మొదలు. ఆటోవాడు అడిగే దాంట్లో అది చిల్లర. సముద్రానికి పోయే లైను వేరే ఉంది, సెంట్రల్ దగ్గరే పార్క్ టౌన్ అని ఇంకో స్టేషన్. పార్క్ వేరు, పార్క్ టౌన్ వేరు. నేను ఇంజనీరునే, నేనూ మొదటిసారి తప్పు ప్లాట్‌ఫామ్ మీద ఇరవై నిమిషాలు నిలబడినా. పార్క్ టౌన్ నుంచి రెండో స్టేషన్ చేపాక్. అక్కడ దిగి నడిస్తే మెరీనా.

బస్సులో వచ్చేవాళ్ళకు ఇంకో మాట. ఆంధ్రా బస్సులు 2018 నుంచి కోయంబేడు కాదు, మాధవరంలో ఆగుతాయి. మాధవరం అంటే మన ఒంటిమిట్ట పక్కన చీరల మాధవరం కాదు, మద్రాసుకు ఉత్తరం అంచున ఉండే మాధవరం. అమ్మకు ఇది అర్థం చేయించేటప్పటికి రేణిగుంట వచ్చేసింది.

మేము పొద్దున్నే దిగి లాడ్జిలో బ్యాగులు పడేసి, ఎండ దిగేదాకా ఆగి, నాలుగున్నరకు మెరీనా పోయినాం. ఈ టైము గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నం పోతే ఆ ఇసుకలో కాళ్ళు కాలిపోతాయి, ఎందుకంటే రోడ్డు నుంచి నీళ్ళ దాకా ఇసుక అంత వెడల్పు ఉంటుంది. పెద్దోళ్ళను నడిపించాలంటే చాలా దూరం.

అంత ఇసుక ఎట్లొచ్చిందో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. అది మొదటి నుంచీ ఉన్నది కాదు. 1870ల్లో మద్రాసు హార్బరు కట్టడం మొదలుపెట్టి సముద్రంలోకి రాళ్ళ గోడలు వేసినారు. మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట ఉండదు. అలలు వాలుగా కొట్టి ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి దాన్ని తోసుకుపోతా ఉంటాయి. దారిలో గోడ అడ్డం వస్తే ఏమైతుంది? కాలువకు అడ్డంగా తూము బిగిస్తే ఒక పక్క నిండి ఇంకో పక్క ఎండిపోతుంది కదా, అదే. హార్బరుకు దక్షిణం వైపు ఇసుక పేరుకుపోయింది, అదే మెరీనా. ఉత్తరం వైపు రాయపురంలో ఇసుక రాక ఆగిపోయి సముద్రం ఊళ్ళోకి కోసుకొచ్చింది, అక్కడ ఇప్పటికీ బండరాళ్ళు పోసి కాపాడుకుంటున్నారు. 1884లో గ్రాంట్ డఫ్ అనే గవర్నరు ఈ ఇసుక పక్కన నడిచే దారి వేయించి మెరీనా అని పేరు పెట్టినాడు. అంటే మనం ఐస్‌క్రీమ్ తింటా ఫోటోలు దిగే ఆ బీచు, హార్బరు గోడ కట్టినందుకు పుట్టిన బీచు. మా నాయన చూసిన గోడ, చూడని సముద్రం, రెండింటికీ ఇంత సంబంధం ఉంది.

నాయన నీళ్ళ దగ్గరకు పోయి ముందు ఏం చేసినాడో తెలుసా? అల చూడలేదు. వంగి గుప్పెడు ఇసుక ఎత్తి, అరచేతిలో ఎగరేసి, "తేలిక" అన్నాడు. లారీ తోలినోడికి ఏ సరుకు చేతిలోకొచ్చినా ముందు బరువే చూస్తాడు. ఆయన చెప్పింది కరెక్టే. మామూలు ఇసుక అదే కొలత నీళ్ళకంటే రెండున్నర రెట్లు పైన బరువు. మన ముగ్గురాయి నాలుగు రెట్లకంటే ఎక్కువ. ఆ బరువు కోసమే అది అమ్ముడుపోతుంది. బయట ఊళ్ళవాళ్ళకు తెలీదు కాబట్టి చెప్తున్నా, ముగ్గురాయి అంటే బెరైటీస్. ప్రపంచంలో ఒకేచోట దొరికే అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో మంగంపేట ఒకటి. చమురు కోసం వేల అడుగులు బోరు వేసేటప్పుడు లోపల్నుంచి గ్యాసు, చమురు ఒత్తిడితో పైకి తన్నుకొస్తాయి. అది పేలకుండా అణిచి ఉంచాలంటే బోరులో నింపే బురద చాలా బరువుగా ఉండాలి. మన రాయిని పిండిలాగా కొట్టి ఆ బురదలో కలుపుతారు. మెత్తని రాయి, మిషన్లను గీకదు. దేనితోనూ రియాక్ట్ కాదు. అందుకే ఆ పిండి మద్రాసు, కృష్ణపట్నం రేవుల నుంచి ఓడ ఎక్కుతుంది. ఎక్కడో ఎడారిలో చమురు బోర్లు తగ్గితే మన దగ్గర మిల్లులు నెమ్మదిస్తాయి, లారీలు ఆగిపోతాయి. మా ఇంట్లో అట్లాంటి ఏడాది ఒకటి నాకు బాగా గుర్తు, ఆ ఏడాది నా కాలేజీ బస్సు ఫీజు రెండు టర్ములు లేటు.

ఇప్పుడు కాస్త సీరియస్ మాట. ఎపిసోడ్‌లో మిగతాది వినకపోయినా ఇది వినండి. మనం బావుల్లో, చెరువుల్లో, చెయ్యేటి గుంతల్లో ఈత నేర్చినోళ్ళం. సముద్రం దగ్గర ఆ ఈత పనికిరాదు. మెరీనాలో స్నానానికి దిగడం పోలీసులు నిషేధించినారు, బోర్డులు తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి, మనోళ్ళు చూడరు. దిగేవాళ్ళలో బయట ఊళ్ళ నుంచి గుంపుగా వచ్చిన కాలేజీ పిల్లలు ఎక్కువ. ఏం జరుగుతుందంటే, అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్ళన్నీ మళ్ళా లోపలికి పోవాలి కదా. అవి అంతటా సమానంగా పోవు. ఇసుకలో ఎక్కడో ఒక పల్లం చూసుకొని, ఆ సందులో నుంచి వాగులాగా లోపలికి లాగుతాయి. ఆ చోట అలలు పెద్దగా విరగవు. చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. కొత్తోడు అక్కడే సేఫ్ అనుకొని దిగుతాడు. కాళ్ళ కింద ఇసుక జారుతుంది, రెండు నిమిషాల్లో లోతులో ఉంటాడు. వెంటనే ఒడ్డుకు ఎదురీదుతాడు, అలిసిపోతాడు. చిక్కుకున్నోడు చేయాల్సింది ఎదురీదడం కాదు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈదాలి, ఆ సందు దాటినాక ఒడ్డు వైపు తిరగాలి. చేయెత్తి అరవాలి. బయటున్నోళ్ళు కూడా వెంటనే దూకేయొద్దు, తాడో బెల్టో ఖాళీ క్యానో ఏదైనా తేలేది విసరండి, జాలర్లను పిలవండి. మా రూలు ఒకటే, పాదాలు తడవాలి, మోకాలు తడవకూడదు. అమ్మ ఆ రూలు కూడా ఒప్పుకోలేదు. చీర కుచ్చిళ్ళు పట్టుకొని పాదం అంచు ముంచి, నెత్తిన నీళ్ళు చల్లుకొని, గంగమ్మకు దండం పెట్టి వెనక్కొచ్చేసింది.

మెరీనాలో సమాధులు, విగ్రహాలు చాలా ఉంటాయి. అన్నీ చూడాల్సిన పని లేదు. ఒకటి మాత్రం వదలొద్దు. శ్రామికుల విగ్రహం, 1959లో పెట్టినారు, చెక్కింది దేవీప్రసాద్ రాయ్ చౌధురి. నలుగురు మనుషులు ఒంటి బలమంతా పెట్టి ఒక బండను కదిలిస్తుంటారు. పెద్ద పెద్ద నాయకుల విగ్రహాల మధ్యలో పేర్లు లేని నలుగురు కూలీలు. ఈ మెరీనా ఇసుకలోనే 1923లో సింగారవేలర్ మన దేశంలో మొదటిసారి మే డే జరిపినాడు. నాయన ఆ విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఆ చివరోడు గడ్డపార తప్పు పట్టుకున్నాడు, నడుం పోతుంది" అన్నాడు. శిల్పం గురించి నేను విన్న రివ్యూల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

సరే, తిండికొద్దాం. బీచులో తినాల్సింది సుండల్. "తేంగాయ్ మాంగాయ్ పట్టాణి సుండల్" అని పిల్లలు బకెట్లు పట్టుకొని తిరుగుతుంటారు. ఏం లేదు, మన గుగ్గిళ్ళే. ఎండు బఠాణీలు ఉడకబెట్టి తిరగమోత వేసి, కొబ్బరి, పచ్చిమామిడి ముక్కలు కలుపుతారు. ఉప్పు గాలిలో ఆ పులుపు భలే ఉంటుంది. చేపల వేపుడు బళ్ళు కూడా ఉన్నాయి గానీ, నూనె రంగు చూసి తినండి.

అక్కడి నుంచి ట్రిప్లికేన్, అంటే తిరువల్లిక్కేణి, నడిచే దూరమే. అమ్మ కోసం పార్థసారథి గుడికి పోయినాం. అక్కడ స్వామికి మీసాలుంటాయి, అమ్మ అరగంట దాని గురించే మాట్లాడింది. గుడి నుంచి బయటికొచ్చి రత్నా కేఫ్. 1948 నుంచి ఉంది. సాంబారు ఇడ్లీ చెప్పండి. ఇడ్లీలు తెచ్చి పెట్టి, మగ్గుతో సాంబారు పోస్తారు, గిన్నెలో కొంచెం కాదు, ఇడ్లీ మునిగేదాకా. కారం దోశకు అలవాటు పడిన నోరు మనది, మొదటి ముద్దకు సాంబారు తియ్యగా అనిపిస్తుంది. నాయన "బెల్లం పడింది" అన్నాడు. రెండో ప్లేటు మాత్రం ఆయనే చెప్పినాడు. కాఫీ డబరా గ్లాసులో తాగండి, పొడవుగా తిరగబోసి ఇస్తారు.

ఇక్కడ టేబుల్ మీద స్టీలు గ్లాసులో నీళ్ళు పెట్టినారు. నేను నాయనతో అన్నా, ఈ నీళ్ళు మన దగ్గర్నుంచి వచ్చి ఉండొచ్చు నాయనా అని. ఆయన నమ్మలేదు. మీరూ నమ్మరేమో, చెప్తా వినండి.

చెన్నైకి సొంతంగా పెద్ద నది లేదు. కూవం, అడయారు వానకాలపు ఏర్లు. చెరువుల మీద బతికిన ఊరు, జనం పెరిగినాక చాల్లేదు. అప్పుడు కృష్ణా నీళ్ళు వాడుకునే మూడు రాష్ట్రాలు, మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తలా 5 టీఎంసీలు మద్రాసు తాగునీటికి ఇవ్వాలని 1976లో ఒప్పుకున్నాయి. మొత్తం 15. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఇద్దరూ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు కాలువకు ఒప్పందం అయింది. అదే తెలుగుగంగ. ఇప్పుడు దారి చూడండి, మ్యాప్ మీద గీస్తున్నా. శ్రీశైలం వెనక నీళ్ళు, కర్నూలు వైపు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి దిగుతాయి. బనకచెర్ల, వెలుగోడు రిజర్వాయరు, తర్వాత మన కడపలో బ్రహ్మంగారిమఠం రిజర్వాయరు. అక్కడి నుంచి పెన్నలో కలిసి సోమశిల, సోమశిల నుంచి కండలేరు, కండలేరు నుంచి కాలువలో తమిళనాడు సరిహద్దు దాటి పూండి. పూండి నుంచి మద్రాసు కొళాయి. మొదటిసారి నీళ్ళు పూండి చేరింది 1996లో. దారిలో ఆవిరయ్యేది, ఇంకేది పోతుందని లెక్కేసి సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు అందాలని పెట్టుకున్నారు. అన్ని ఏళ్ళలో అంత అందలేదు. కాలువ గట్లు దెబ్బతిని నీళ్ళు కారిపోతుంటే పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు డబ్బులు పెట్టి కండలేరు నుంచి వచ్చే కాలువను బాగు చేయించింది. అందుకే తమిళోళ్ళు దాన్ని సాయిగంగ అని కూడా అంటారు.

అంటే ఆ గ్లాసులో నీళ్ళు, కనీసం అందులో కొన్ని, కర్నూలు, కడప ఎండల్లో నుంచి నడిచి వచ్చినవి. నిజం చెప్పాలంటే నాకు కొంచెం మండింది. గాలేరు–నగరి రెండో దశ కాలువ కోడూరు దాకా వస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మన వైపు బత్తాయి, అరటి, బొప్పాయి తోటలకు బోరు వెయ్యి అడుగులు దింపినా తడి తగలని చోట్లు ఉన్నాయి. కానీ 2019 ఎండాకాలంలో ఇదే చెన్నైలో చెరువులు నాలుగూ ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నారు. అప్పుడు నేను అక్కడే ఓ కంపెనీలో పని చేస్తున్నా. మా ఆఫీసులో క్యాంటీన్ ప్లేట్లు కడగడం ఆపేసి అరిటాకులు పెట్టినారు, తర్వాత ఇంటి నుంచి పని చేయమన్నారు. తాగే నీళ్ళు ఇచ్చినందుకు ఎవరినీ ఏమీ అనలేం. మన వాటా పంట నీళ్ళు మన పొలం దాకా ఎందుకు రాలేదన్నది హైదరాబాదునూ అమరావతినీ అడగాల్సిన ప్రశ్న, చెన్నైని కాదు. నాయన ఆ గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు అడిగినాడు. "వదలొద్దు, మనవే కదా" అని నవ్వినాడు.

తిండిలో ఇంకొక్కటి. బీచ్ రైల్వేస్టేషన్ పక్క వీధుల్లో బర్మా అత్తో బళ్ళు ఉంటాయి. 1960ల్లో బర్మా నుంచి వెళ్ళగొడితే కట్టుబట్టలతో వచ్చిన మనవాళ్ళు, తమిళులూ తెలుగోళ్ళూ, ఇక్కడ చిన్న చిన్న కొట్లు పెట్టుకున్నారు, బర్మా బజార్ అట్లా పుట్టిందే. నూడుల్స్‌లో క్యాబేజీ, ఉల్లి, చింతపండు పులుసు, వేయించిన వెల్లుల్లి, కారం వేసి చేత్తో కలిపి ఇస్తారు. పక్కన అరటిదూట సూపు. మన నాలుకకు ఇది వెంటనే పడుతుంది. ఉగ్గాని తినేవాడు అత్తో తినగలడు.

రెండో రోజు షాపింగ్. టీ నగర్. పొద్దున పదిన్నరకే పోండి. ఆదివారం సాయంత్రం రంగనాథన్ స్ట్రీట్‌లోకి పిల్లలతో పోతే నేను బాధ్యుణ్ణి కాదు. మాంబళం స్టేషన్ నుంచి బస్టాండు దాకా 2023లో పైన నడిచే వంతెన కట్టినారు, పెద్దోళ్ళుంటే అది వాడండి, లిఫ్టు ఉంది.

టీ నగర్ అంటే ఏంటో తెలుసా? త్యాగరాయ నగర్. నేను చాలాకాలం త్యాగరాజస్వామి పేరనుకున్నా. కాదు, పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగాయన, దేవాంగుల ఇంటి మనిషి, మగ్గం తెలిసిన కుటుంబం. జస్టిస్ పార్టీ పెట్టినోళ్ళలో ఒకరు. 1920లో ముఖ్యమంత్రి పదవి ఇస్తే వద్దన్నాడు. పక్కన పానగల్ పార్క్ ఉంది చూడండి, దాని పేరు పానగల్ రాజా రామరాయణింగారిది, ఆయనా తెలుగాయనే, 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా చేసినాడు. ఈ ఏరియా అంతా ఒకప్పుడు మాంబళం పెద్ద చెరువు. 1920ల్లో దాన్ని పూడ్చి ప్లాట్లు వేసినారు. అంటే నేత నేసే ఇంటి మనిషి పేరున్న పేటలో, చెరువు పూడ్చిన నేల మీద, దేశంలోకెల్లా గిరాకీ ఉన్న చీరల కొట్లు. వాన గట్టిగా పడితే ఆ వీధుల్లో నీళ్ళు నిలబడతాయి. చెరువు తన చోటు మర్చిపోలేదు.

చీరలు కొనేవాళ్ళకు నాకు తెలిసింది చెప్తా. నల్లి 1928 నుంచి ఉంది, పోతీస్, ఆర్ఎంకేవీ అన్నీ పక్కపక్కనే. కంచి పట్టు అని చెప్పేదంతా కంచి పట్టు కాదు. సిల్క్ మార్క్ లేబుల్ చూడండి. కొంగు చివర ఒక దారం తీసి కాలిస్తే వెంట్రుక కాలిన వాసన రావాలి, బూడిద నలిపితే పొడి కావాలి. ప్లాస్టిక్‌లాగా ముద్ద కట్టిందంటే పట్టు కాదు. అసలు జరీ అయితే గీకినప్పుడు లోపల ఎర్ర పట్టు దారం కనబడుతుంది. షాపువాడు దారం తీయనీయకపోతే పక్క షాపు. అమ్మ రెండు గంటలు చూసి, నలభై చీరలు దింపించి, చివరికి ఒక నూలు చీర కొనింది. "పట్టుకు మాధవరం పోదాం లే, అక్కడైతే నేసినోళ్ళతోనే బేరమాడొచ్చు" అంది. మన మాధవరమే, ఒంటిమిట్ట పక్కది. నాకేం నష్టం లేదు, పర్సు బతికింది.

మగపిల్లలకు రిచీ స్ట్రీట్. ఎలక్ట్రానిక్స్, కేబుళ్ళు, పాత ల్యాప్‌టాప్ పార్టులు, నా మైకు కూడా అక్కడిదే. వారంటీ మాటలు నమ్మొద్దు, అక్కడే ఆన్ చేసి చూసుకొని తెచ్చుకోండి. అది చింతాద్రిపేట పక్కన. ఆ పేరు చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట. 1734లో కంపెనీవాళ్ళు నేతగాళ్ళ కోసం కట్టించినారు, ఆ తోట అంతకుముందు సుంకురామ చెట్టి అనే తెలుగు వర్తకుడిది.

టైముంటే రెండు చోట్లు. ఒకటి వడపళని. అక్కడ పెద్ద మాల్ ఉంది, విజయ మాల్. ఆ నేల ఒకప్పటి విజయా–వాహినీ స్టూడియోది. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ ఆ సంస్థవే. స్టూడియో నడిపిన బి.నాగిరెడ్డి, అన్న బి.ఎన్.రెడ్డి పులివెందుల వైపు వాళ్ళు. ఆ రెండు సినిమాలు తీసిన కె.వి.రెడ్డి తాడిపత్రి. మాయాబజార్ తీసిన చోట ఇప్పుడు నిజంగానే బజారు వెలిసింది, ఏసీలో. నాయన ఎస్కలేటర్ ఎక్కనన్నాడు, మెట్లెక్కినాడు.

రెండోది మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం. బులుసు సాంబమూర్తి ఇల్లది. 1952 అక్టోబర్ 19న దీక్షకు కూర్చొని డిసెంబర్ 15 రాత్రి అక్కడే పోయినాడు, 58 రోజులు. మద్రాసు మనకు రాలేదు, రాజధాని కర్నూలుకు పోయింది. పావుగంట చాలు, మేము ముగ్గురమూ చెప్పులు బయట విడిచి లోపలికి పోయి, ఏం మాట్లాడకుండా వచ్చేసినాం.

ఖర్చు అడుగుతారు కదా. ముగ్గురికి లాడ్జి 1,800, తిండి 2,400, రైళ్ళూ లోకల్ టికెట్లూ 900, ఆటోలు 700. మొత్తం 5,800, చీర కాకుండా. ఆటోలు తగ్గించుకోవచ్చు, అది అమ్మ మోకాళ్ళ కోసం. నవంబర్, డిసెంబర్‌లో తుఫానుల టైము కాబట్టి వాతావరణం చూసుకొని పోండి. జనవరి, ఫిబ్రవరి అన్నిటికంటే మేలు.

తిరుగు రైల్లో నాయన తన పాత క్లీనరుకు ఫోన్ చేసినాడు. స్పీకర్ పెట్టలేదు గానీ బోగీ అంతా వినబడింది. "ఒరేయ్, మనం దించే చోటి నుంచి నాలుగు కిలోమీటర్లే రా! టీ తాగే టైములో చూసి రావొచ్చింటిమి." అవతల ఆయన ఏమన్నాడో గానీ, వచ్చే నెల వాళ్ళిద్దరూ, భార్యలతో, మళ్ళా పోతున్నారు. టికెట్లు నన్నే తీయమన్నారు.

వచ్చే ఎపిసోడ్‌లో ఓబులవారిపల్లె నుంచి ఆ సొరంగం లైను సంగతి మాట్లాడుకుందాం. ఉంటా మరి.